గడప రాయిని తన్నిన గాడిద

బహ్రెయిన్‌లోని సిత్రాలో ఆయిల్ ట్యాంకుల కింద కాంక్రీటు దిమ్మెలు పోసే పనిలో ఉండగా, ఒకరోజు పొద్దున్నే ఫోర్‌మన్ క్యాంపుకొచ్చి, పాతకాలపు ఇళ్ళకి సున్నం పని చెయ్యడం తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. నా పక్కన నిలబడ్డాయన నా చెయ్యి పట్టుకుని పైకెత్తాడు.

ఆయన మంచం గదిలో నా మంచానికి పైన ఉండేది. నిజామాబాద్ వైపు మనిషి, పెయింటరు, నాకంటే ఐదారేళ్ళు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు. బహ్రెయిన్‌కి వచ్చి ఏడేళ్ళయినా ఇంకా దుబాయిలో ఉన్నాననే అనుకునేవాడు. శుక్రవారం వస్తే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తెలుగువాళ్ళ ప్రార్థనకి వెళ్ళేవాడు. చచ్చినా అబద్ధం ఆడనని ఒట్టు పెట్టుకున్నాడు. అలాంటి ఒట్టున్న మనిషి పక్కన బతికినవాళ్ళకే తెలుస్తుంది అదెంత ప్రమాదమో.

ఫోర్‌మన్ అటు వెళ్ళగానే నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. “చెయ్యెందుకెత్తావన్నా? సున్నం పని నాకెక్కడొచ్చు?”

“మీ తాత సున్నం గానుగ నడిపిండని నువ్వే చెప్పినవ్ గద.”

“తాత నడిపాడు. నేను పుట్టేసరికే ఆ గానుగ లేదు.”

“నేనేమన్న నోరు తెరిచిన్నా తమ్మీ? చెయ్యి లేపిన, గంతే. ఈ ట్యాంకుల కాడ ఎండల మాడి సచ్చుడు కంటె నయం గదా.”

ఆ చివరి మాట నిజమే. నాకు హెల్పర్ కావాలని చెప్పి ఆయన్ని కూడా వెంటబెట్టుకుపోయాను. అలా ముహర్రక్ పాత ఊళ్ళోకి వెళ్ళాం.

తొంభైల నడిమి సంవత్సరాలవి. ముత్యాల వ్యాపారంలో ఒకప్పుడు ఊరంతటికీ పెద్దగా వెలిగిన కుటుంబం వాళ్ళ ఇల్లు అది. వారసులంతా కొత్త విల్లాల్లోకి వెళ్ళిపోతే పావురాల పాలయింది. దాన్ని బాగుచేయించి జనానికి చూపించాలని పైవాళ్ళు పూనుకున్నారు. గోడలు సముద్రంలోంచి తెచ్చిన తెల్లటి గుల్ల రాయివి. చెయ్యి వేస్తే పొడి రాలేది. పైకప్పుకి వాసాలు, వాటి మీద ఈత చాపలు, చాపల మీద మట్టి. నడుమ పెద్ద వాకిలి, చుట్టూ గదులు, ఒక మూల గాలిని పట్టి కిందికి దించే నాలుగు పలకల గోపురం. ఆ వీధులు ఎంత ఇరుకంటే, ఇద్దరు ఎదురైతే ఒకరు ఎవరింటి గుమ్మంలోకైనా ఎక్కి నిలబడాలి. విమానాశ్రయం పక్కనే కావడంతో గంటకోసారి విమానం నెత్తి మీదుగా పోయేది. అప్పుడు ఇల్లంతా దగ్గినట్టయి మా భోజనంలో దుమ్ము పడేది.

అక్కడివాళ్ళు సున్నానికి బదులు కాల్చిన జిప్సం వాడతారని మొదటిరోజే తెలిసింది. సున్నం నింపాదిగా గట్టిపడుతుంది. జిప్సం అలా కాదు. నేను గమేళాలో బోలెడు కలిపి, బీడీ ముట్టించి, రెండు దమ్ములు లాగి వెనక్కి తిరిగేసరికి అంతా బండరాయైపోయింది. తాపీ అందులో నిటారుగా నిలబడి ఉంది. లాగితే గమేళాతో సహా లేచింది.

ఎదురింటి గుమ్మంలోంచి ఎవరో నవ్వారు.

నల్ల అబాయా కప్పుకున్న ముసలామె. హజ్ యాత్ర చేసి వచ్చిందని వీధివాళ్ళంతా ఆమెను హజ్జియా అని పిలిచేవారు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా తన గుమ్మంలో చాప మీద కూర్చుని మా పని చూడ్డమే ఆమె పని. కూతుళ్ళు వేరే చోట కాపురాలు. బజారులో మనవాళ్ళ బట్టల దుకాణాలతో ముప్ఫయ్యేళ్ళు బేరాలాడి హిందీ నేర్చింది. అందుకని ఆమె హిందీలో సగం బేరమే ఉండేది.

“ఏం మిస్త్రీ, దాన్ని గోడకి అంటించవా, అమ్ముతావా?” అంది.

వారం తిరిగేసరికి చేతులకి పని పట్టుబడింది. కొంచెం కొంచెం కలపడం, కలిపింది కలిపినట్టు వాడెయ్యడం. దానికి తోడు మా మీద ఒక ఇంజనీరమ్మ ఉండేది. ఆ ఊరి పిల్లే, బయట దేశంలో చదివొచ్చింది, ముప్ఫై దాటి ఉండవు. శనివారం, మంగళవారం వచ్చేది. ప్రతి రాయికీ సుద్దతో నంబరు వేసి, ప్రతి గోడకీ ఫోటో తీయించింది. “మీరు కొత్తది చెయ్యక్కర్లేదు, ఉన్నది పాడుచెయ్యకండి చాలు,” అని వచ్చిన ప్రతిసారీ తనకొచ్చిన హిందీలో చెప్పేది. అంత చిన్న కోరిక తీర్చడం ఎంత కష్టమో ఆమెకి తెలియదు.

ఒక మంగళవారం ఆమె అలా వెళ్ళిందో లేదో, పరంజా విప్పుతుంటే నా చేతిలోంచి ఇనప గొట్టం జారింది. జారి సరిగ్గా వీధి గడప రాయి అంచు మీద పడింది. అర్ధచంద్రాకారంగా పెచ్చు లేచిపోయింది. నూరేళ్ళుగా ఊరి పెద్దలంతా తొక్కినా చెక్కుచెదరని రాయి అది.

అన్న పరంజా మీంచే తొంగిచూశాడు. “అయిపాయె,” అన్నాడు.

“ఎవరికీ చెప్పకన్నా. శనివారం దాకా ఆమె రాదు కదా, జిప్సంతో పూడ్చేస్తాను.”

“నేనైతె చెప్ప. కానీ అడిగితె అబద్ధమాడ.”

“ఎవరడుగుతారు?”

అడిగారు. మర్నాడు బుధవారం పొద్దున్నే. కంపెనీల్లో పనిచేసే తెల్లదొరల భార్యలు అప్పుడప్పుడు కెమెరాలు మెళ్ళో వేసుకుని పాత వీధులు చూడ్డానికొచ్చేవాళ్ళు. ఆ రోజు నలుగురొచ్చారు. ముగ్గురు చెక్కిన తలుపు చూస్తూ ఉంటే, ఎర్రటోపీ పెట్టుకున్న నాలుగో ఆవిడ గడప దగ్గర వంగి, ఆ పెచ్చులోకి వేలు పెట్టి చూసి, ఇదేమిటని నన్ను అడిగింది.

నాకొచ్చిన ఇంగ్లీషంతా లెవెలు, షట్టరింగు, ఫినిషింగు. ఆ మూడు మాటలతో నిజం చెప్పొచ్చు. కానీ ఆవిడ ముఖం చూస్తే నిజం చెప్పబుద్ధి కాలేదు. అంత దూరం నుంచి వచ్చి, అంత ఎండలో వంగి, ఒక మిస్త్రీ చేతిలోంచి గొట్టం జారిందని విని వెళ్ళాలా? పైగా పెచ్చు చూడ్డానికి డెక్క గుర్తులా ఉంది.

“క్యామెల్,” అన్నాను.

నలుగురూ చుట్టూ చేరారు. ఇక ఆగడం నా చేతుల్లో లేదు. “ఓల్డ్ టైం. మ్యారేజ్ డే. బ్రైడ్ సిట్ ఆన్ క్యామెల్.” చేత్తో వీపు మీద మూపురం చూపించాను. “క్యామెల్ సీ హజ్బెండ్. నో లైక్. యాంగ్రీ.” కాలెత్తి గడపని తన్ని చూపించాను.

“మరి పెళ్ళి?” అని ఎర్రటోపీ ఆవిడ ఆత్రంగా అడిగింది.

“ఫినిష్,” అన్నాను. అయిందనా, ఆగిందనా అనేది ఆవిడే తేల్చుకుంటుందని వదిలేశాను. నలుగురూ ఒకరి తర్వాత ఒకరు గడప పక్కన కూర్చుని ఫోటోలు తీయించుకున్నారు. వెళ్తూ వెళ్తూ వచ్చే బుధవారం మా స్నేహితురాళ్ళని తీసుకొస్తామన్నారు.

అన్న అంతసేపూ రంగు డబ్బా మూత వంకే చూస్తూ కూర్చున్నాడు. వాళ్ళు మలుపు తిరిగాక నోరు విప్పాడు. “తమ్మీ, ఇగ దాన్ని పూడ్సస్తదా?”

అప్పుడర్థమైంది నేనేం చేసుకున్నానో. పూడిస్తే బుధవారం వాళ్ళకేం చూపించాలి? పూడ్చకపోతే శనివారం ఇంజనీరమ్మకేం చెప్పాలి?

ఇంతలో ఎదురింట్లోంచి పిలుపు. “మిస్త్రీ, ఇలా రా.”

వెళ్ళాను. ఆమెకి ఇంగ్లీషు రాదు, కానీ నా మూపురమూ, నా తన్నూ చూసింది. “ఏం చెప్పావు వాళ్ళకి?” అంది. గొట్టం జారడం ఆమె కళ్ళముందే జరిగింది. దాచి లాభం లేదు. కథంతా హిందీలో చెప్పాను. చాలా శ్రద్ధగా వింది. తిడుతుందనుకున్నాను.

“ఒంటె కాలు ఎప్పుడైనా చూశావా?” అంది.

“లేదు.”

“దిండులా మెత్తగా ఉంటుంది. దానికి డెక్కలెక్కడివి? రాయి ఎలా పగులుతుంది? పైగా ఈ వీధిలోకి ఒంటె వస్తే వెనక్కి తిరగడానికి చోటేది? దాన్ని ఇంట్లోనే ఉంచుకోవాలి.” కొంచెంసేపు ఆలోచించింది. “గాడిద అని చెప్పు. తెల్ల గాడిద. దానికి డెక్కలుంటాయి, ఈ వీధిలో తిరగ్గలదు, కోపమూ ఎక్కువే.”

నా అబద్ధాన్ని ఇంత ఓపిగ్గా సరిదిద్దినవాళ్ళు నాకు జీవితంలో మరొకరు తగల్లేదు.

శనివారానికి గడప మీద ఒక చెక్క పరిచాను. రాయి పాడవకుండా అని చెప్పాను. ఇంజనీరమ్మ నన్ను మెచ్చుకుంది. అన్న ఆ మాట వినలేక నీళ్ళు తాగే నెపంతో బయటికి వెళ్ళిపోయాడు. బుధవారం చెక్క తీసేశాను. ఈసారి ఏడుగురు వచ్చారు. తెల్ల గాడిద కథ మొదలుపెట్టానో లేదో, ఒకావిడ అడ్డుతగిలింది. తన స్నేహితురాలు ఒంటె అని చెప్పిందట. నేను తడబడలేదు.

“క్యామెల్ కమ్. రోడ్ స్మాల్. క్యామెల్ గో. డాంకీ కమ్.”

ఎదురింటి గుమ్మంలో హజ్జియా తల ఊపింది. నాకు ధైర్యం వచ్చింది. ఆ తర్వాత రెండు బుధవారాల్లో పెళ్ళికూతురికి ఇద్దరు అక్కలు పుట్టుకొచ్చారు, పెళ్ళికొడుక్కి మెల్లకన్ను వచ్చింది. తలుపు పైనున్న చిన్న కంతలోంచి అత్తగారు ఆ గాడిదని చూసి మూర్ఛపోయిందని కూడా చెప్పాను. సాయంత్రం క్యాంపుకి పోయే బస్సులో అన్న ఒకటే మాట అనేవాడు. “నీ గాడిద నిన్ను ఎప్పుడో తంతది తమ్మీ.”

ఐదో బుధవారం తన్నింది. ఆడవాళ్ళ కంటే ముందు ఇంజనీరమ్మ వచ్చింది. ఎవరింట్లోనో విందులో కూర్చుంటే, ఒక తెల్లావిడ వచ్చి మీరు బాగుచేస్తున్న ఇంటి గాడిద గడప అద్భుతమని చెప్పిందట. ఇంజనీరమ్మ చేతిలో ఒక ఫోటో ఉంది. పని మొదలుపెట్టే ముందు తీసిన గడప ఫోటో. రాయి అంచు గుండ్రంగా, నిండుగా ఉంది.

వంగి చెక్క తీసింది. ఫోటో పక్కన పెట్టి చూసింది. “ఇది ఎలా జరిగింది?” అని అడిగింది.

నేను చెక్క తీసుకుని గోడకి చేర్చాను. ఆమె నా సంగతి వదిలేసి అన్న వైపు తిరిగింది. “నువ్వు చెప్పు. గాడిద తన్నిందా?”

అన్న లేచి నిలబడ్డాడు. ఆయన ఒట్టు, నా ఉద్యోగం రెండూ ఎదురెదురుగా నిలబడ్డాయి. తలపాగాలా చుట్టుకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

“గాడిదే మేడం,” అన్నాడు హిందీలో. “అందులో అబద్ధం లేదు. మా రూములోనే ఉంటుంది.”

ఆమెకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. నా వైపు చూసింది. నవ్వలేదు. నేను గొట్టం సంగతి చెప్పాను, ఒంటె సంగతి చెప్పాను, మెల్లకన్ను దాకా అన్నీ చెప్పేశాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది. పని పోతుంది, మళ్ళీ సిత్రా పంపుతారు, కాకపోతే వీసా ఇచ్చిన కఫీల్ నేరుగా ఇంటికే పంపుతాడు అని నిశ్చయించుకున్నాను.

“విరిగిన ముక్క ఏది?” అంది.

నాకు తెలియదు. ఆ రోజు ఊడ్చి పారేశాననే అనుకున్నాను. అన్న లోపలికెళ్ళి ఒక ఖాళీ రంగు డబ్బా తెచ్చాడు. అందులో న్యూస్‌పేపర్లో చుట్టిన పెచ్చు ఉంది. “ఎప్పటికైన అడుగుతరని దాసిన,” అన్నాడు నాతో. ఆమె ఆ ముక్కని గడప మీద పెట్టి చూసింది. అతికినట్టు సరిపోయింది. అప్పుడు కొంచెం ముఖం విప్పారింది.

సరిగ్గా అప్పుడే హజ్జియా కర్ర పట్టుకుని వీధి దాటి వచ్చింది. ఇద్దరూ అరబ్బీలో మాట్లాడుకున్నారు. ముసలామె గొంతు లేచింది, ఇంజనీరమ్మ గొంతు తగ్గింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. హజ్జియా కర్రతో గుమ్మం పక్కనున్న మూల రాయిని తట్టి తట్టి చూపిస్తోంది. అక్కడ నడుమెత్తున, బొటనవేలు పట్టేంత లోతుగా ఒక గాడి ఉండేది. మరుసటి వారం దాన్ని పూడ్చాలని నా లిస్టులో ఉంది.

తర్వాత ఇంజనీరమ్మే మాకు చెప్పింది. ఊళ్ళోకి పైపులు రాకముందు, ఊటల నుంచి తాగేనీళ్ళు తోలు తిత్తుల్లో నింపి గాడిద మీద ఇంటింటికీ చేరవేసేవాళ్ళట. హజ్జియా తండ్రి ఆ పని చేసేవాడు. ఆయన తెల్ల గాడిద రోజూ రెండు పూటలా ఈ గుమ్మం దగ్గరే ఆగేది. తాడు మూల రాయికి చుట్టి, నీళ్ళు లోపలికి మోసేవాడు. ఏళ్ళ తరబడి తాడు ఒరుసుకుని పడిన గాడి అది.

“నువ్వు కూడా వాడి అబద్ధానికి వంత పాడావా హజ్జియా అని అడిగాను,” అంది ఇంజనీరమ్మ. “ఏమందో తెలుసా? మీరంతా వచ్చి ఈ ఇంటి ముత్యాల గురించి అడుగుతారు, ఆ ముత్యాలవాళ్ళు తాగిన నీళ్ళ గురించి ఒక్కరూ అడగలేదు, ఈ మిస్త్రీ గాడి పూడ్చేలోపు గాడిద మాట ఏదో రకంగా బయటికి రానిచ్చాను అంది.”

నేను ఎదురింటి వైపు చూశాను. హజ్జియా అప్పటికే తన చాప మీద కూర్చుని, ఏమీ ఎరగనట్టు బఠాణీలు ఒలుచుకుంటోంది. నేనామెను నా కథలో వాడుకున్నాననుకున్నాను. నన్నే గాడిదని చేసి, నా వీపు మీద తన మాట మోయించింది.

నన్ను పనిలోంచి తియ్యలేదు. గడప పెచ్చు అతికించాం, గాడి జోలికి పోలేదు. ఇంజనీరమ్మ హజ్జియా పక్కన చాప మీద కూర్చుని రెండు రోజులు రాసుకుంది. నాకు శిక్ష మాత్రం పడింది. గాలి గోపురంలో ఎన్నేళ్ళ నుంచో పేరుకుపోయిన పావురాల రెట్ట మూడు రోజులు గీకాను. ఇక మీదట బుధవారాలు వచ్చేవాళ్ళకి నేను నోరు విప్పకూడదని, చూపించే పని అన్నదని తీర్పిచ్చింది.

అన్న చాలా నిజాయితీగా చూపించాడు. “దిస్ వాల్. దిస్ డోర్. దిస్ ఐ డోంట్ నో.” రెండు బుధవారాలు పోయేసరికి ఆడవాళ్ళు రావడం మానేశారు.

చలికాలం వచ్చేసరికి పని ఒక కొలిక్కొచ్చింది. పెద్దలు వచ్చి ఇల్లు తెరవడానికి ఇంకా నాలుగు రోజులుందనగా, హజ్జియా వచ్చి గుమ్మంలో నిలబడింది. చిన్నప్పుడు తండ్రి వెంట వాకిలి దాకా వచ్చేదట గానీ, మేడ మెట్లు ఒక్కటి కూడా ఎక్కలేదట. నీళ్ళవాడి కూతురికి పైన ఏం పని? అన్న ఒక పక్క, నేనొక పక్క పట్టుకుని నెమ్మదిగా ఎక్కించాం. మెట్టుమెట్టుకీ ఆగి, మా పనిలో వంకలు పెట్టింది. గదులన్నీ చూసింది. రంగు అద్దాల కిటికీ ముందు కాసేపు నిలబడింది. ఏమైనా అంటుందేమో, కళ్ళు తుడుచుకుంటుందేమో అని నేను ఎదురుచూశాను. అద్దం మీద దుమ్ముందని వేలితో గీసి చూపించింది.

డాబా మీదకి తీసుకెళ్ళాం. ఊరంతా కనిపించింది. చదును డాబాలు, మసీదు గోపురం, అవతల సముద్రం. ఆమె దూరం చూడలేదు. పిట్టగోడ మీంచి కిందికి వంగి చూసింది. చూసి గబుక్కున వెనక్కి జరిగింది.

అక్కడి నుంచి ఆమె ఇంటి పెరడు అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తోంది. ఆరేసిన బట్టలు, పొయ్యి, మంచం, అన్నీ.

“ఇన్నాళ్ళూ మమ్మల్ని చూశారా వీళ్ళు?” అంది. ముఖం ఎర్రబడిపోయింది. “మేం ఏం వండామో, ఎప్పుడు పోట్లాడామో, అన్నీ?”

“వాళ్ళెప్పుడో పోయారు కదమ్మా,” అన్నాను.

“పోయినవాళ్ళ సంగతి దేవుడు చూసుకుంటాడు. రేపట్నుంచి నువ్వు పిలిపించిన తెల్లావిడలు ఇక్కడ నిలబడి నా పొయ్యి ఫోటో తీస్తారు. దానికేం చెప్తావు?” కర్ర నా కాలికి ఆనించింది. “మూడు వరసలు. నా పెరటి గోడ మీద మూడు వరసలు లేపు.”

దిగేటప్పుడు మా సాయం అక్కర్లేదంది. ఆ వేగంలో మేమే వెనకబడ్డాం.

ఆ శుక్రవారం అన్న ప్రార్థన ముగించుకుని ఇస్త్రీ చొక్కాతోనే వచ్చాడు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి జిప్సం మాలు కలిపాడు. నేను రాళ్ళు పేర్చాను. హజ్జియా కింద కుర్చీలో కూర్చుని, ప్రతి రాయికీ కొంచెం ఇటు, కొంచెం అటు అంటూ మధ్యాహ్నం దాకా మమ్మల్ని తిప్పింది. మూడు వరసలయ్యాక మేడ మీదికెళ్ళి చూసి రమ్మని నన్ను పంపింది. వెళ్ళి చూశాను. పొయ్యి కనపడలేదు గానీ, గోడ మీంచి అన్న తల కొంచెం కనిపిస్తోంది.

“ఏమైనా కనపడుతోందా?” అని కింది నుంచి అరిచింది.

ఏం చెప్పాలో ఆలోచిస్తుంటే, అన్న తలెత్తి నా వంకే చూస్తున్నాడు.

“ఇంకొక వరస వెయ్యాలి హజ్జియా,” అన్నాను.